నాయిన బండికి రెండో ఇంజిన్

మా ముత్తాత నాలుగు ఊళ్లకు మాలీపటేలు. మా తాత కూడా మాలీపటేలే. ఆయన కాలానికి నాలుగు ఊళ్లు రెండయ్యాయి. ఈ కాలం వాళ్లకు చెప్పాలి గనుక చెబుతున్నాను, మాలీపటేలంటే ఊరి శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టేవాడు. పోలీసుపటేలు చేతిలో కర్ర ఉండేది, పట్వారి చంకలో దఫ్తరం ఉండేది, మా తాత దగ్గర రసీదు పుస్తకం ఉండేది. ఆయన గుర్రం మీద పొలాల వెంట పోతుంటే గట్టు మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. నేను చూడలేదు. గుర్రం కట్టేసిన గుంజ మాత్రం చూశాను.

నాయిన పటేలు కావలసిన వయసుకు వచ్చేసరికి సర్కారు ఆ కొలువులే తీసేసింది. ఊరు మాత్రం పిలుపు తీసేయలేదు. నాయినను పోయేదాకా 'పటేలా' అనే పిలిచారు. ఏ కొలువూ లేని నన్ను ఇప్పటికీ అలాగే పిలుస్తారు. అందులో మర్యాద ఎంతో, అలవాటు ఎంతో నేను లెక్క తీయలేదు.

ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఊరందరికీ రసీదులు ఇచ్చిన ఇల్లు మాది, ఎవరి దగ్గరా రసీదు తీసుకున్న ఇల్లు కాదు. ఎవరికైనా ఏదైనా ఇస్తే కాగితం అడగడం మా ఇంట్లో తప్పు. అడిగితే ఎదుటివాడి మాటను నమ్మనట్టు, మన మాటకు బలం లేనట్టు. మా భూమి వేరేవాళ్ల చేతికి పోయినప్పుడు కూడా నాయిన పెద్దమనుషుల ముందు నోటిమాటతోనే ముగించి, సంతకం చేయవలసిన చోట చేసి, ఒక్క నకలు కూడా ఇంటికి తేలేదు. అమ్మినట్టు కూడా అనేవాడు కాదు. 'వాళ్లకు ఇచ్చేసినం' అనేవాడు.

గుర్రం తర్వాత మా ఇంటికి ఎడ్లబండి వచ్చింది, ఎడ్లబండి తర్వాత నాయిన కొన్న వంద సీసీ మోటారు సైకిల్. నల్లరంగు బండి, ట్యాంకు ఎడమ పక్క చిన్న సొట్ట. నాయిన దాన్ని ఆదివారం ఆదివారం తుడిచేవాడు, ఇంజిన్ ఆయిల్ పుల్ల బయటికి తీసి వెలుగులో పెట్టి చూసేవాడు. ఎవరైనా దారిలో ఎక్కించుకుంటానంటే ఎక్కేవాడు కాదు. మా ఇంటి మగవాళ్లు ఇంకొకరి వెనక కూర్చోరు. ఎవరు పెట్టిన నియమమో తెలియదు. గుర్రం మీద ఇద్దరు కూర్చోరు గనుక మొదలై ఉంటుంది.

రాష్ట్రం వచ్చిన రెండో ఏడు నాయిన పోయాడు. బండి నాకు వచ్చింది. అప్పటికి నేను షాద్‌నగర్ దాటాక ఉన్న ఒక కంపెనీలో గేటు దగ్గర హాజరు రాసే పనిలో ఉన్నాను. ఊరి నుంచి ముప్పై కిలోమీటర్లు. పొద్దున ఆరుంబావుకు బయలుదేరితే సమయానికి చేరతాను. హాజరు రాసేవాడు ఆలస్యంగా వస్తే బాగుండదు.

నాయిన చూసినట్టు నేను ఆయిల్ చూడలేదు. తప్పు నాదే. చలికాలం ఒక పొద్దున అడ్డరోడ్డు దాటాక బండి ఒక్కసారిగా చైను బిగబట్టి వెనక చక్రం ఈడ్చుకుపోయింది. దిగి కిక్ కొడితే రాడు కిందికి పోలేదు. ఇంజిన్ పట్టేసింది. అక్కడి నుంచి వెనక్కి అడ్డరోడ్డు దాకా తోసుకుంటూ వచ్చాను. పనికి పోయేవాళ్లు బండ్లు ఆపి "ఎక్కు పటేలా" అన్నారు. "మీరు పోండి" అన్నాను.

అడ్డరోడ్డు మీద బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు ఒకటి ఉంది. ఆ మెకానిక్ మా ఊరివాడే, నా ఈడువాడే. వాళ్ల తాత మా తాత కాలంలో ఊరి నీరటి, అంటే చెరువు తూము తీసి ఎవరి మడికి ఎంత నీరో పారించేవాడు. ఈ మనిషి హైదరాబాదులో పదేళ్లు పని నేర్చుకొని వచ్చి సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. నా చిన్నప్పుడు వాళ్లింటివాళ్లందరూ మా వాకిట్లో నిలబడి మాట్లాడినవాళ్లే. ఇప్పుడు నేను వాళ్ల షెడ్డు ముందు నిలబడ్డాను. అతను స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు.

ఇంజిన్ విప్పి చూసి, నల్లటి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"పిస్టన్ ఒక్కటే గాదు పటేలా, క్రాంకు గూడ పోయింది. చేస్తే చేయొచ్చు. గని నీకు దినాం అరవై కిలోమీటర్లాయె. దెబ్బకు ఆగది."

"ఇంకొక దారి?"

"బండి మార్చు. సెకండ్ల ఒకటి చూస్త."

"ఈ బండి మా నాయినది."

"నాయినది బండా, ఇంజినా?" అన్నాడు. నవ్వులాటగానే అన్నాడు గానీ నాకు ఆ ప్రశ్న మూడు రోజులు నెత్తిలో తిరిగింది.

ఆ మూడు రోజులు షేర్ ఆటోలో పోయాను. ఆ సంగతి కూడా చెప్పాలి. ముందు సీట్లో డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక నలుగురు, వాళ్లకెదురుగా చెక్క మీద ముగ్గురు. అడ్డరోడ్డు దగ్గర ఎక్కబోతుంటే డ్రైవరు వెనక్కి తిరిగి అరిచాడు.

"పటేలొచ్చిండు, జర జరుగుర్రి."

"జరగనీకి జాగేడుందిరా? ఒళ్లె కూసుండవెట్టుకోవాల్నా?" అన్నది కంపెనీలో ఊడ్చే పని చేసే ఒకావిడ. ఆటో అంతా నవ్వింది.

"పటేలు ఉయ్యాల్ల కూసున్నట్టు కూసుంటడు తియ్యే" అన్నాడు ఇంకొకడు.

నేనూ నవ్వాలి. నవ్వలేకపోయాను. ఆమె నిజంగానే జరిగి, పక్కన నాలుగు వేళ్ల జాగా చేసింది. ఆ నాలుగు వేళ్ల మీద ముప్పై కిలోమీటర్లు నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాను. వాళ్లెవరూ నాకు చెడు చేయలేదు. అయినా మూడో రోజు సాయంత్రం షెడ్డు దగ్గర దిగి, ఏమైనా సరే ఈ బండి నా కింద నడవాలి అన్నాను.

"అయితె ఇంజినే మారుద్దాం" అన్నాడు మెకానిక్.

వాళ్ల బామ్మర్దికి నూట యాభై సీసీ బండి ఒకటి ఉండేది. లారీకి తగిలి ముందర అంతా నుజ్జయింది, బామ్మర్ది కాలు విరిగింది, ఇంజిన్‌కు మాత్రం గీత పడలేదు. అది షెడ్డు వెనక గోనెసంచి కింద పడి ఉంది. దాన్ని తీసి నాయిన బండి చాసిస్‌లో కూర్చోబెట్టాలన్నది ఆలోచన. నేను ఇయ్యవలసింది ఇచ్చాను. అప్పుడే అతను ఒక మాట అన్నాడు.

"మా బామ్మర్దితోని కాయితం రాపిస్త పటేలా. వాని బండి కార్డు జిరాక్సు గూడ ఇప్పిస్త. ఇంజిన్ మార్చినమని ఆర్టీవో ఆఫీసుల రాపిచ్చుకో. రేపు కిరికిరి రావొద్దు."

"నీ మాట చాలదా?" అన్నాను.

"నా మాటకేంది, ఆఫీసోల్లకు నా మాటెందుకు?"

"మా ఇంట్లో ఎవరి దగ్గరా కాగితం రాయించుకోలేదు. నీ దగ్గర రాయించుకుంటానా?"

ఇది నేను అతన్ని గౌరవించి అన్నాననే అనుకున్నాను. ఆ మాటను అతను ఎలా తీసుకున్నాడో తెలియదు. పానా చేతిలో తిప్పుతూ "నీ ఇష్టం" అన్నాడు.

నాయిన పాత ఇంజిన్ నేల మీద నూనె మరకలో పడి ఉంది. మెకానిక్ తమ్ముడు ఊళ్లో పత్తి పండిస్తాడు. పాత ఇంజిన్‌కు రెండు చక్రాలు, గుంటుక పళ్లు తగిలించి సాళ్ల మధ్య కలుపు తీసే యంత్రం చేసుకుంటానన్నాడు. నెమ్మదిగా నడిచే పనికి కొత్త పిస్టన్ వేస్తే ఆ ఇంజిన్ సరిపోతుంది.

"ఎంతియ్యాలె పటేలా?" అని అడిగాడు.

"తీసుకపో" అన్నాను.

"ఉత్తగనా?"

"మేం అమ్మం."

నాకు ఆ మాట అనగానే వెన్ను కొంచెం నిటారైంది. ఎన్నాళ్ల తర్వాతో మా ఇంట్లో నుంచి ఒకరికి ఒకటి ఇచ్చాను. ఆ తమ్ముడు ఇంజిన్‌ను ట్రాలీలో వేసుకొని దండం పెట్టి పోయాడు. దాని పక్కన చెక్కిన నంబరు మీద అప్పుడు నా చూపు కూడా పడలేదు.

ఆ తర్వాత వారమంతా ఆటోలోనే పోయాను, తొమ్మిది ఆదివారాలు షెడ్డులోనే గడిచాయి. నేను చేతులు కట్టుకొని చూసేవాణ్ని అనుకోవద్దు. రెండో వారమే ఆకురాయి పట్టాను.

ఇంజిన్ చాసిస్‌కు మూడు చోట్ల బోల్టులతో వేలాడుతుంది. పాత ఇంజిన్ రంధ్రాలు ఒక చోట, కొత్తదాని రంధ్రాలు ఇంకొక చోట. రెంటికీ మధ్య రెండు వేళ్ల తేడా. ఆ తేడాను మందపు ఇనుప పలకలతో కలపాలి. ముందు అట్టతో కొలత తీయాలన్నాడు మెకానిక్. ఇంట్లో దొరికిన పెళ్లికార్డుల అట్ట కత్తిరించి, చాసిస్‌కు ఆనించి, పెన్సిలుతో రంధ్రాలు గుర్తుపెట్టాను. ఆరు కార్డులు పాడయ్యాక ఏడోది సరిగ్గా కూర్చుంది.

పలకలకు మంచి ఇనుము కావాలి. అది బజారులో దొరికేది కాదు, దొరికినా మెత్తగా ఉంటుందన్నాడు. నాకు మా కొట్టంలో గోడకు ఆనించి ఉన్న ఎడ్లబండి చక్రం గుర్తొచ్చింది. కట్టె పురుగు తినిపోయింది గానీ చుట్టూ బిగించిన ఇనుప పట్టా అలాగే ఉంది. తాత చేయించిన బండి. దాన్ని తెచ్చి షెడ్డు ముందు పడేస్తే మెకానిక్ వేలితో తట్టి చూశాడు.

"గిసొంటి ఇనుము ఇప్పుడేడొస్తది? గని కోద్దామా పటేలా?"

"కోయి."

గ్యాసు మంట పెట్టి ఎర్రగా కాల్చి, వంపు పోయేదాకా సుత్తితో కొట్టాం. అతను పట్టుకారుతో పట్టుకుంటే నేను కొట్టాను. డ్రిల్లు మొనలు రెండు విరిగాయి. మూడోదానితో రంధ్రం పడింది. ఆ పలకలు రెండూ నేనే ఆకురాయితో రుద్దాను. వారం రోజులు గేటు దగ్గర పెన్ను పట్టుకుంటే వేళ్లు వణికాయి.

ఒక ఇబ్బంది పోతే ఇంకొకటి వచ్చేది. ఇంజిన్ కూర్చుంది గానీ ముందు పళ్ల చక్రం, వెనక పళ్ల చక్రం ఒక గీతలో లేవు. ఒకదాని నుంచి ఒకదానికి దారం లాగి చూస్తే పావు అంగుళం పక్కకు పోయింది. అలాగే నడిపితే చైను ఊడుతుంది. షాద్‌నగర్ లేతు మిషన్ దగ్గర మందపు వాషర్ కోయించి వెనక చక్రాన్ని జరిపాం. కిక్ రాడు ఫుట్‌రెస్టుకు తగిలింది, దాన్ని కాల్చి వంచాం. సైలెన్సర్ గొట్టం బ్రేకు పెడల్‌కు అడ్డొచ్చింది, రెండు గొట్టాలు కోసి అతికించాం. కరెంటు డబ్బా పెట్టడానికి సీటు కింద చోటు లేదు. నాయిన వక్కలు పెట్టుకునే ఇత్తడి డబ్బా తెచ్చి దాంట్లో వైర్లు సర్ది పక్కకు బిగించాం. సీటు గట్టిగా ఉందని అమ్మ, తాత కచేరీలో పరిచే జంపఖానాలో ఎలుకలు కొట్టని ముక్క ఒకటి ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు వేసి రెక్సిన్ కింద కుట్టించాను.

"ఇల్లంత ఊడదీసి ఆ బండికే పెడుతున్నరు" అన్నది మా ఇంటావిడ. "ఇగ మిగిలింది నేనే. నన్నేడ బిగిస్తరు?"

"నువ్వు వెనక సీటు మీద."

"నాకద్దు. దాని వాలకం చూస్తే పత్తి లారీ లెక్కనే ఉన్నది."

తొమ్మిదో ఆదివారం మధ్యాహ్నం మొదటిసారి స్టార్టు చేశాం. నాలుగో కిక్కుకు అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. మెకానిక్ చెవి దగ్గర పెట్టి విని, ఒక స్క్రూ పావు తిప్పు తిప్పి, "ఎక్కు పటేలా" అన్నాడు. ఈసారి ఎక్కాను.

బలం పెరిగింది గానీ ఆపే బలం పెరగలేదని అర కిలోమీటరు పోయాక తెలిసింది. అడ్డంగా బర్రె వచ్చింది. పాత డ్రమ్ము బ్రేకు పట్టీ పట్టనట్టు పట్టింది. బర్రె తోక నా మోకాలికి తగిలింది. మరుసటి వారం పాత సామాను దుకాణంలో డిస్కు బ్రేకున్న ముందు భాగం వెతికి తెచ్చి బిగించుకున్నాం. ఇంతా చేసినా బండి చూడ్డానికి ఇంపుగా ఉండేది కాదు. అరవై దాటితే అద్దాలు వణికేవి, వెనక వచ్చేవాడు లారీ వస్తోందో బైకు వస్తోందో తెలియక తికమకపడేవాడు. కానీ ఎత్తు ఎక్కినా, ఎదురుగాలి వచ్చినా, నా బండి నా కింద నడిచింది. అద్దంలో చూస్తే షేర్ ఆటో వెనకబడిపోతూ కనిపించేది. ఆ ఆటోలో ఊడ్చే పని ఆవిడ చెయ్యి ఊపేది. నేను తలాడించేవాణ్ని.

అయిదేళ్లు అలా పోయాను. ప్రతి ఆదివారం ఆయిల్ పుల్ల తీసి వెలుగులో పెట్టి చూశాను. ఆ అయిదేళ్లలో మంచి రోజులు ఏవని అడిగితే చెప్పలేను. పొద్దున పోయేవాణ్ని, సాయంత్రం వచ్చేవాణ్ని. అమ్మను ఒకసారి నందికొండ డ్యాము చూపిస్తానని ఎక్కించుకొని పోయాను. డ్యాము చూసి "నీళ్లే గదా" అన్నది. తిరిగి వచ్చేటప్పుడు "మీ నాయిన బండి గింత ఒర్రకపోతుండె" అన్నది. మరుసటేడు అమ్మ కూడా పోయింది.

బండి కొన్న పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ కార్డు మళ్లీ చేయించుకోవాలి. కరోనా ఏళ్లలో ఎవరూ అడగలేదు, నేనూ పోలేదు. ఆ తర్వాత కంపెనీ వాళ్లు గేటులోకి వచ్చే ప్రతి బండి కార్డూ సరిగ్గా ఉండాలని పెట్టారు. ఆ కార్డులు చూడవలసిన మనిషిని నేనే. మిగతావాళ్లవి చూస్తూ నాది చెల్లని కార్డుతో లోపలికి తేవడం నావల్ల కాలేదు. సెలవు పెట్టి మహబూబ్‌నగర్ ఆర్టీవో ఆఫీసుకు పోయాను.

ఆఫీసు వెనక ఖాళీ జాగాలో బండ్లు వరుసగా నిలబెట్టారు. ఇన్‌స్పెక్టర్ కుర్రవాడే, మర్యాదస్తుడే. ఒక తెల్ల కాగితం ఇంజిన్ పక్కన ఆనించి దాని మీద పెన్సిలు రుద్దాడు. కింద చెక్కిన అంకెలు కాగితం మీదికి తేలాయి. కార్డులో నంబరుతో కలిపి చూశాడు. మళ్లీ రుద్దాడు.

"ఇంజిన్ మార్చారా?"

"మార్చాను."

"పర్మిషన్ కాగితం?"

"లేదు."

"ఇంజిన్ కొన్న రసీదన్నా ఉందా? ఇచ్చినాయన కార్డు, సంతకం?"

"లేదు."

"పాత ఇంజిన్ ఉంటే తిరిగి బిగించి తీసుకురండి సార్. అదన్నా లేకపోతే నేనేం చేయలేను. ఇది దొంగబండి ఇంజిన్ కాదని నేనెట్లా రాయాలి?"

అతని మాటలో తప్పేం లేదు. శిస్తు కట్టానని ఊరికే నోటితో చెప్పినవాణ్ని మా తాత మాత్రం నమ్మేవాడా? రసీదు చూపించమనేవాడు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒక బ్రోకరు వెంటబడ్డాడు. "ఫికర్ చేయకు అన్నా. గా నంబరు రుద్ది పాత నంబరు గుద్దిస్త. అరగంట పని. ఎవడు గుర్తుపడ్తడు?" అన్నాడు. కాదని వచ్చేశాను. మా తాత చేతి మీదుగా దొంగ కాగితం ఒక్కటీ పోలేదని మా ఇంట్లో చెప్పుకుంటాం. పోయిందో లేదో నాకు తెలియదు. నా చేతి మీదుగా పోకూడదనుకున్నాను, అంతే.

నేరుగా షెడ్డుకు వచ్చాను. మెకానిక్ విని తమ్ముడికి ఫోను చేశాడు. కలుపు యంత్రం కిందటేడు గట్టు మీది నుంచి బోల్తాపడి ఇంజిన్ పగిలిందట. పగిలినదాన్ని కబాడివాడు ఉల్లిగడ్డలిచ్చి తీసుకపోయాడట. తర్వాత బామ్మర్దికి ఫోను చేశాడు. బామ్మర్ది మాట నాకూ వినబడేంత గట్టిగా ఉంది.

"కార్డు గిర్డు ఏం లేదు బావా. ఇల్లు కూలగొట్టి కట్టినప్పుడే పోయింది. ఇన్నేండ్లకు ఇప్పుడు సంతకం పెట్టమంటే ఎట్ల? రేపు ఏదన్నయితే పోలీసులు నా తలుపు కొడ్తరు. నాతోని కాదు."

మెకానిక్ ఫోను పెట్టేశాడు. ఆనాడు కాయితం రాపిస్తానన్న మాట గుర్తుచేస్తాడని చూశాను. గుర్తుచేయలేదు. "చాయ్ తాగు" అని స్టూలు జరిపాడు. ఈసారి కూర్చున్నాను. అతను వెనకనే ఉన్న ఇంట్లోకి పోయి తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చాడు. మూత తీసి, గుడ్డ మూట విప్పాడు.

లోపల రసీదులు. పసుపుపచ్చగా మారిన పలుచటి కాగితాలు, ఏడాదికి ఒకటి. నీరటి పని చేసినందుకు వాళ్ల తాతకు ఊరు ఇచ్చిన ఎకరన్నర మెట్ట చెలక, దాని శిస్తు ముట్టినట్టు రాసిన కాగితాలు. కింద మా తాత సంతకం. చివరి అక్షరం కిందికి లాగి, కొక్కెంలా వంచి పైకి తిప్పేవాడు. నాయిన కూడా అలాగే పెట్టేవాడు. నేనూ అలాగే పెడతాను.

"మొన్న కొత్త పాసుబుక్కులిచ్చినప్పుడు మా చెలక ఎవరి పేరు మీదనో వడ్డది" అన్నాడు మెకానిక్. "గివ్వి పట్టుకపోయి చూపెట్టినంకనే మాకొచ్చింది. మా అవ్వ దాచిపెట్టింది. ఇల్లు కురిసినా గీ డబ్బ తడవనియ్యకపోయేది."

నేను ఒక్కొక్కటీ తీసి చూశాను. ఒకటి కూడా తప్పలేదు. మా ఇంట్లో తాత రాసిన కాగితం ఒక్కటి లేదు.

"మీరు రాసుడే గని దాచుడు ఎరుకలేదు పటేలా" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదని నాకు తెలుసు. చాయ్ చల్లారిపోయింది. తాగేశాను.

ఆ బండిని ఊళ్లో తిప్పుకోవచ్చు, గేటు దాకా తేలేను. గేటు దాకా తేలేనప్పుడు దాంతో పనిలేదు. రెండు నెలలు కొట్టంలో కప్పిపెట్టాను. మళ్లీ ఆటో. ఊడ్చే పని ఆవిడ ఇప్పుడు అడగకుండానే జరుగుతుంది. "మోత బండి యాడవోయింది పటేలా?" అని మొదటి రోజు అడిగింది. "ఆగిపోయింది" అన్నాను. మళ్లీ అడగలేదు. డ్రైవరు పక్కన కూర్చోమంటాడు. నేను వెనకే కూర్చుంటాను. నడుం నొప్పి వల్ల నిటారుగా కూర్చోవడం ఇప్పుడు అవసరమే.

కొట్టంలో తుప్పుపట్టిపోవడం చూడలేక ఒక ఆదివారం మా ఇంటావిడే అన్నది.

"దాన్ని గట్ల చూసుకుంట కూసుంటె అదేమన్న మాట్లాడుతదా? ఇచ్చేయండి."

"అమ్మేస్తాను" అన్నాను. ఆమె నా మొహం వంక చూసి లోపలికి పోయింది.

మెకానిక్ వచ్చి చూశాడు. విడిభాగాల కోసం ఇంజిన్ తీసుకుంటానన్నాడు.

అలవాటుగా "తీసుకపో" అన్నాను.

"ఉత్తగ తీసుకోను పటేలా. మా తమ్ముడు ఉత్తగ తీసుకున్నదే గిప్పుడు నీ మీదికొచ్చింది. పైసలు పట్టు. పట్టినట్టు రాసియ్యి."

"నీకెందుకు రాయాలి? మీ ఇంటిది మీకే వస్తున్నది."

"మాకు అలవాటు" అన్నాడు.

లోపలికి పోయి తెల్ల కాగితం తెచ్చాను. తిన్నె మీద కూర్చొని రాశాను. నూట యాభై సీసీ పాత ఇంజిన్ ఒకటి, విడిభాగాల కింద అమ్మినట్టు, పైకం ముట్టినట్టు. ఇంజిన్ పక్కన అంకెలు చూసి ఒక్కొక్కటిగా ఎక్కించాను. కింద సంతకం పెట్టి, చివరి అక్షరం కిందికి లాగి వంచాను. అతను కాగితాన్ని మడతపెట్టే ముందు ఆ సంతకం వంక ఒకసారి చూశాడు. జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకొని పోయాడు.

మిగిలిన బండి షాద్‌నగర్ దారిలోని పాత ఇనుప సామాను దుకాణానికి ట్రాలీలో పోయింది. వాళ్లు కార్డు అడిగారు, ఇచ్చాను. ఇత్తడి డబ్బా విప్పి ఇంటికి తెచ్చుకున్నాను. చాసిస్, సొట్టతో సహా ట్యాంకు, జంపఖానా ముక్క కుట్టిన సీటు, తాత బండి చక్రం పట్టాతో చేసిన రెండు పలకలు తూకానికి అమ్మాను.